నానీ పాటకు ఏ ఫార్మాట్?

2023 వేసవి. బాన్సువాడ బస్టాండు దగ్గర మా పాటల దుకాణం. ఒకప్పుడు క్యాసెట్లు అమ్మేవాళ్లం, తర్వాత మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించాం. ఇప్పుడు పాత రికార్డింగులను కంప్యూటర్‌లోకి మార్చి పెన్ డ్రైవ్‌లో ఇస్తాను. పెళ్లిళ్ల కాలం కనుక ఊపిరి సలపని పని. ఆ రోజు వర్ని వైపు తండా నుంచి కమలీబాయి, ఆమె కూతురు సునీత ఒక పాత బటన్ల ఫోను పట్టుకుని వచ్చారు.

అందులో కమలీబాయి తల్లి, అంటే సునీత ‘నానీ’ అని పిలిచే అమ్మమ్మ, పాడిన ‘ఢావలో’ అనే పాట ఉంది. లంబాడీల పెళ్లిలో పెళ్లికూతురు అత్తారింటికి బయలుదేరే ముందు అయినవాళ్లను ఒక్కొక్కరినే పట్టుకుని ఏడుస్తూ పాడే పాట అది. ఇంట్లో పెద్ద ఆడవాళ్లు నేర్పుతారు. నేర్పాల్సిన నానీ కిందటేడు పోయింది. సునీత పెళ్లి వచ్చే వారమే.

"అక్కా, గొంతు సాఫ్ ఇనబడ్తలేదు. పెద్ద ఫైల్ చెయ్యి, హెచ్‌డీల. ఇని నేర్చుకుంట," అంది సునీత.

చూస్తే అది ఏఎంఆర్ ఫైలు. పాత ఫోన్లు మాట అర్థమైతే చాలని, మిగతా ధ్వనిని వదిలేసి దాచే రకం. ఎంపీ3 చెవికి అంతగా ఆనని ధ్వనులు తీసేసి ఫైలును చిన్నది చేస్తుంది. వేవ్ మాత్రం పట్టిందంతా ఉంచుకుంటుంది, అందుకే బరువు. అలాగని ఏఎంఆర్‌ను వేవ్‌గా మారిస్తే పోయింది తిరిగి రాదు. చెంబుడు నీళ్లు బిందెలో పోసినా చెంబుడే కదా.

నాకు మొహం మీద చెప్పేసే అలవాటు. "ఉన్నది పోకుంట దాస్త గని, లేనిది ఏడికెల్లి తేవాలె బిడ్డా? అసలు ఫైల్‌ను ముట్టుకోను. ఇనేతందుకు ఎంపీ3 కాపీ చేసిస్త."

పాట పెట్టాను. నడుమ ఒకచోట అంతా గరగర, మాటలే తెలియలేదు. నాయిస్ తగ్గించి చూస్తే గరగరతో పాటు నానీ ఊపిరి కూడా పోయింది. వెంటనే వెనక్కి తెచ్చాను. సునీత కళ్లనిండా నీళ్లు.

"గా ముక్కనే అక్కా, అమ్మను పట్టుకొని పాడేది. అదే లేకుంటే ఎట్ల?"

నేను కమలీబాయి వైపు తిరిగాను. "నీకు రాదా అక్కా?"

ఆమె తల దించుకుంది. "వస్తది చెల్లె. నన్ను పట్టుకొని ఏడ్వుమని నేనే ఎట్ల నేర్పాలె?"

 మైకు ఆమె ముందుకు జరిపి అన్నాను: "నేర్పకు. నీ పెండ్లినాడు మీ అమ్మను పట్టుకొని ఎట్ల పాడినవో, గదే పాడు."

ఫ్యాను ఆపి, షట్టరు సగం దించి, వేవ్‌లో రికార్డింగ్ మొదలుపెట్టాను. కమలీబాయి కళ్లు మూసుకుని పాడింది. భాష నాకు రాదు, అయినా ఏడుపు ఆగలేదు. మధ్యలో బస్సు హారన్ పడింది. దాన్నీ తియ్యలేదు. చివరికొచ్చేసరికి సునీత వచ్చి తల్లి మెడ పట్టుకుని తానూ అందుకుంది. రికార్డింగులో ఇద్దరి గొంతులూ ఉన్నాయి.

రెండు పాటలూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఇస్తుంటే సునీత అంది, "అమ్మ ఫైల్ మటుకు చిన్నగ చెయ్యకు అక్కా."

ఇప్పుడు ఎవరైనా పోయినవాళ్ల గొంతు పట్టుకొస్తే ఫార్మాట్ సంగతి తర్వాత చూస్తాను. ముందు, ఈ పాట తెలిసినవాళ్లు ఇంట్లో ఇంకెవరున్నారని అడుగుతాను. ఉన్నారంటే, వాళ్లను కూడా తీసుకురమ్మంటాను.