ఎండకు వంగిన ప్లేటు

మొన్న మేడ మీద మిరపకాయలు ఎండబోయడానికి పోయి, చెప్పులు మరిచి అడుగు పెట్టాను. మేడ మీద పరిచిన బేతంచెర్ల బండ అరికాలిని చుర్రుమనిపించింది. అమ్మో అని గంతేసి, నా గంతుకు నేనే నవ్వుకుని, నీళ్ళతొట్టి నీడన కూలబడ్డాను. ఆ బండల వేడి తగిలినప్పుడల్లా నాకు కర్నూలు మామ గుర్తొస్తాడు. ఆయన గ్రామఫోను పెట్టెలు, రెండు వేల తొమ్మిది వరద, ఆ తరువాత గుండెలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్న ఒక పగలు, అన్నీ వరసగా వచ్చి నిలబడతాయి.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. పాతబస్తీలో బట్టల కొట్టు. కొట్టు పేరుకే, ప్రాణమంతా నడిమింట్లో ఉండేది. ఆదోని అనీ బనగానపల్లె అనీ తిరిగి, ఎవరి అటక మీదో ఎలుకలు కాపురముంటున్న పెట్టెను మోసుకొచ్చి, స్ప్రింగు బిగించి, ఇత్తడి గొట్టం తోమి, బిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా బల్ల మీద పెట్టేవాడు. ఒక ముల్లుతో ఒక పాటల ప్లేటే వేయాలి, రెండోసారికి ఆ ముల్లు పారేయాలి. ప్లేట్లను అరల్లో నిలువుగానే ఉంచాలి. ఇంకెవరూ వేలు పెట్టకూడదు. మా అత్త ఆ పెట్టెలను "నా సవతులు" అనేది. పాపం, తాకొద్దని అరవడమే కానీ ఎందుకు తాకకూడదో ఆ మనిషి ఏనాడూ ఆమెకు చెప్పిన పాపాన పోలేదు.

వాటన్నిటిలోకీ ఒక ప్లేటు వేరు. అది మా అవ్వది, అంటే మామ తల్లిది. ఆమె పావడా కట్టే వయసులో బాగా పాడుతుందని వాళ్ళ నాయన పాట ప్లేటుకెక్కించడానికి కోడుమూరు నుంచి మద్రాసు తీసుకుపోయాడట. పిల్ల పాట ముగించిందో లేదో, పక్కనున్న నాయన పట్టలేక గట్టిగా ఒక మాట అనేశాడట. అది కూడా ప్లేటులో పడిపోయింది. కంపెనీ వాళ్ళు విసుక్కుని, ఇది అమ్మకానికి పనికిరాదని నమూనా ప్లేటు ఒకటి చేతిలో పెట్టి పంపేశారు. మరుసటేడే ఆయన పోయాడు. ఫోటో లేదు, ఏమీ లేదు. లోకం మొత్తం మీద ఆయనది మిగిలింది ఆ ఒక్క మాటే. దాన్ని అవ్వకు ఏడాదికొకసారి, ఆయన తిథినాడు మాత్రమే వినిపించేవాడు మామ. ఎక్కువ వేస్తే అరిగిపోతుందని భయం.

వరద వచ్చినప్పుడు అవ్వ మా ఇంట్లో, కడపలో ఉంది. దసరాకని వచ్చింది. కర్నూలుకు ఫోన్లు కలవలేదు. మామా అత్తా ఎదురింటి భాయి వాళ్ళ రెండంతస్తుల మేడెక్కి బతికారని ఎవరో చెబితే తెలిసింది. దారులు తెరుచుకోగానే అవ్వను తీసుకుని బస్సెక్కాను. "నా ప్లేటు ఎట్లుండాదో ఏమో" అని దారి పొడుగునా అదే పాట.

ఇంటికి పోయేసరికి మామ వాకిట్లో నిలబడి అరుస్తున్నాడు. విషయం ఏమిటంటే, కాగితం సంచులన్నీ ముద్దయినా ప్లేట్లకు మాత్రం నీళ్ళు ఏమీ చేయలేదు. బురద కడిగితే చాలు. ఆయన కొట్లో బురద ఎత్తించడానికి పోయాడు. అత్త చూసింది. ఊరు ఊరంతా పరుపులు, బియ్యం, పుస్తకాలు ఎండేస్తోంది. ఈమె కూడా ప్లేట్లు శుభ్రంగా కడిగి, అన్నం తిన్న కంచాలను నీళ్ళోడడానికి ఆనించినట్టు, మేడ మీద పిట్టగోడకు వరసగా ఆనించింది. వరద తీసిన మరునాడు మా సీమ ఎండ ఎట్లుంటుందో తెలిసిందే కదా! మధ్యాహ్నానికి ఒక్కొక్కటీ పెనం మీద సగం లేచిన దోసెలా వంగిపోయింది. అవ్వ ప్లేటు కూడా.

"ఎవరు పెట్టమన్యారే నిన్ను? నీళ్ళకు బతికినాయి, నీ చేతికి సచ్చినాయి!"

"తడిసిందాన్ని ఎండబెట్టక ఏం జేస్తారు? ఎండకు పోని చెమ్మ ఉంటాదా అనుకుంటిని" అంది అత్త. చీరకొంగుతో కళ్ళొత్తుకుంది.

అవ్వ ఆ వంగిన ప్లేటును ఒళ్ళో పెట్టుకుని అంచు తడిమింది. తరువాత తలెత్తి, "నేనే చెప్తినిరా, ఎండకు పెట్టమని. ఆ పిల్లనేల అంటావు?" అంది.

అప్పటిదాకా అవ్వ కడపలో ఉందని మామకు తెలుసు. దసరాకు బస్సెక్కించిందే ఆయన! అరుపు ఆపి, ప్లేటును అవ్వ ఒళ్ళోంచి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. అత్త నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

వంగినదాన్ని రెండు గాజుపలకల మధ్య వేడి చేసి సరిచేయొచ్చని మామకు తెలుసు. ఆ వారం కర్నూల్లో పగలని గాజు యాడ దొరుకుతుంది? వరండాకని తెచ్చి మిగిలిపోయిన పాలిషు బండలు రెండున్నాయి. వాటిని మేడ మీద ఎండలో కాల్చి, ముందు ఒక పనికిరాని ప్లేటు పెట్టి, పై బండ దించాడు. టప్పుమంది. రెండు ముక్కలు. తొందరపడ్డాడు, ప్లేటు ఇంకా మెత్తబడలేదు.

ఈసారి అవ్వ ప్లేటు. వేడి బండ మీద పెట్టి, అది నీరసించి దానంతటదే ఒదిగేదాకా ఆగాడు. "పట్టుకోవే ఆ కొస" అన్నాడు అత్తతో. ఆ ఇంట్లో ఆమెను ప్లేటు దగ్గరికి పిలవడం అదే మొదలు. ఇద్దరూ వేళ్ళు కాలుతున్నా మెల్లగా పై బండ దించారు. శబ్దం రాలేదు. కింది బండతో సహా నీడకు జరిపారు. చల్లారకముందు తీస్తే విరిగిపోతుందని మామ మాటిమాటికీ బండ మీద చెయ్యి పెట్టి చూడటం, "ఇంకా ఉండాది వేడి" అని గొణగడం. అన్నాలు ఎవరికీ సయించలేదు. అవ్వ మెట్ల మీద కూర్చుని కదల్లేదు.

పొద్దు వాలేటప్పుడు తీశారు. నిలిచింది. అంచు మాత్రం అలలు తేలింది, ఒక బీట కూడా. అటక మీదుండి బతికిన పెట్టెకు కీ ఇచ్చి ముల్లు ఆనించగానే గర్రుమని ఎగిరింది. మామ చప్పున ఎత్తేశాడు.

"పాట నాకొద్దురా. కడాన పెట్టు" అంది అవ్వ.

"బీట చీలిపోతాదేమోమా."

"పోతే పోనీ. పెట్టప్పా."

ముల్లును పాట ముగిసే లోపలి గీతల మీద దించాడు. గరగరల మధ్య ఒక చిన్నపిల్ల గొంతు పైకి సాగి ఆగింది. ఊపిరి పీల్చుకున్న చప్పుడు. అప్పుడు ఒక మగగొంతు, గది దద్దరిల్లేట్టు, "శబాస్ పాపా!" అంది.

"ఆఁ నాయనా" అంది అవ్వ.

ప్లేటు అలాగే తిరుగుతోంది. ముల్లు ఎత్తాలని మామకు తోచలేదు, అత్తే వచ్చి ఎత్తింది. అవ్వ ఇప్పుడు లేదు, ప్లేటు అత్త బీరువాలో ఉంది, ఎండ తగలని చోట, నిలువుగా. మనల్ని పాపా అని పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోతుంటే దాన్నే ముసలితనం రావడం అంటాం. ఎనభై దాటిన మా అవ్వకు, ఆ ప్లేటు తిరిగినంతసేపూ అది రాలేదు.