నిలబడటం నేర్పిన రంగం మనిషి

బర్మాలో ఉన్న రంగూన్‌ని మావైపు రంగం అంటారు. పొట్టకూటికి అక్కడికి పోయినవాళ్లంతా అరవైల నడుమ కట్టుబట్టలతో తిరిగొచ్చేశారు. అలా ఒక రేకుపెట్టెతో కళింగపట్నం వచ్చినవాడే మా అక్కకి కుదిరిన మనిషి. అక్క మొగుణ్ణి సముద్రం తీసుకుపోయి అప్పటికి నాలుగేళ్లు. మాలో మారుమనువుకి అడ్డు లేదు. అయ్య సరేనన్నాడు, అక్క సరేనంది. ఒప్పనిది నేనొక్కణ్ణే.

“రంగంలో పెళ్లాం ఉన్నాదేటి?” అని అయ్య అడిగితే, “ఇప్పుడు నేదు మావా” అన్నాడట. అయ్య అంతటితో ఊరుకున్నాడు. నేనెలా ఊరుకుంటాను? ఒకసారి మునిగిన బతుకు మా అక్కది. వీడికి అక్కడ కాపురం ఉండి, రేపు మళ్లీ ఓడెక్కితే దాని గతేం కాను?

అతను రోజూ తెల్లారగట్ల ఒడ్డున ఆరుగురు కుర్రాళ్లకి చీనా కుస్తీ నేర్పేవాడు. రంగంలో ఒక చీనా కొట్టువాడి దగ్గర నేర్చుకున్నాడట. చీనాతో యుద్ధం జనం ఇంకా మరిచిపోలేదు. పైన కొండల్లో గిరిజనుల అలజడి, నలుగురు ఒకచోట చేరితే పోలీసుల చూపు. ఇలాంటి రోజుల్లో వీడికి చీనా విద్యెందుకు? కనిపెట్టాలనే నేనూ వెళ్లి చేరాను.

మూడు నెలల్లో ఒక్క దెబ్బ నేర్పితే ఒట్టు! నిలబెట్టడమే. అల విరిగే చోట కాళ్లు ఎడంగా పెట్టి, గుర్రమెక్కినట్టు మోకాళ్లు వంచి నిలబడాలి. అల వెనక్కి పోతూ మడమల కింద ఇసక లాగేస్తుంది. పాదం ఎత్తకుండా, మళ్లీ బరువు సర్దుకోవాలి. మేమా తెప్పల మీద పుట్టినవాళ్లం. తెప్ప మీద మడమ ఆనించి నిలబడేవాడు ఎవడు? మునివేళ్ల మీదే మా బతుకు. ఆ అలవాటు వదిలించడానికే అతనికి తాతలు దిగొచ్చారు.

“మడమ దించు. నడుం దించు. నన్ను సూడకు, దూరంగా సూడు” అనేవాడు నాతో. అని, రెండు వేళ్లతో ఛాతీ మీద తోసేవాడు. మిగతావాళ్లు ఊగి నిలదొక్కుకునేవారు. నేను వెల్లకిలా పడేవాణ్ణి. పడనా మరి? నా కళ్లెప్పుడూ అతని మీదే కదా. వాళ్లు నవ్వుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

“మనసులో ఏటున్నాదో కాలు సెప్పీస్తాదిరా” అన్నాడొకనాడు. నీ కాలే చెప్తుందిలే, అప్పుడు చూద్దాం అనుకున్నాను.

చెప్పింది కూడా. ఎవడు తోసినా రాయిలా ఉండే మనిషి, ఒక పొద్దున్న చిన్న అలకే తూలాడు. మర్నాడూ అంతే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే కాబోలని లోపల చంకలు గుద్దుకున్నాను.

ఆ వారమే పోస్టుమాన్ నాకు రోడ్డు మీద ఎదురయ్యాడు. “మీ బావకి రంగం నుంచొచ్చినాది, ఇచ్చీ” అని కవరు చేతిలో పెట్టి సైకిలెక్కాడు. నేను ఇవ్వలేదు. గంజి ఆవిరి మీద పెట్టి విప్పాను. లోపల కాగితం నిండా బర్మా రాత. మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంది, ఒక్కటి చదవగలిగితేనా! దాంతోపాటు ఒక ఫొటో. ఏడెనిమిదేళ్ల ఆడపిల్ల, ఫొటో పాడైందో ఏమో మొహం నిండా మచ్చలు. ఆ పిల్లని పట్టుకుని గాజులున్న ఒక ఆడమనిషి చెయ్యి.

దొరికాడు! పెళ్లిమాటకి పెద్దలొచ్చే రోజు అందరి ముందూ పడేద్దామని ఆ కవరు వలల కింద దాచాను. రోజూ ఏమీ ఎరగనట్టు వెళ్లి అతని ముందు నిలబడేవాణ్ణి. అతను మధ్యలో మమ్మల్నొదిలేసి పోస్టాఫీసు వైపు పోయేవాడు. ఇంకో ఉత్తరం కోసం తొందర కాబోలు అనుకున్నాను.

పెద్దలు రావడానికి ముందురోజు ఆగలేకపోయాను. ఎండుచేపలు గంపకెత్తుతున్న అక్క ముందు ఫొటో పెట్టి, “సూడు నీ పెళ్లికొడుకు బాగోతం” అన్నాను.

అక్క చూసింది. ఫొటో కళ్ల దగ్గరగా పెట్టుకుంది. “బతికున్నాదిరా గుంట!” అని ఏడ్చేసింది.

“ఎవులా పిల్ల?” అన్నాను.

“అమ్మవారు పోసినాదని కబురొచ్చి రెండు నెలలైనాది. తల్లి నేని గుంట, అమ్మమ్మకాడున్నాది. ఉన్నాదో పోనాదో తెలీక ఆ మనిషి మెతుకు ముట్టడం నేదు. మనువయ్యాక తెచ్చుకుందామని నేనే అన్నాను.”

“మరి నాకెవులూ సెప్పనేదే!”

“అడిగినావేటి? మూడు నెలలు ఎదురుగా నిలబడ్డావు గదా, ఒక్కనాడైనా అడిగినావేటి?” కళ్లు తుడుచుకుని కవరు తిప్పి చూసింది. “ఎప్పుడొచ్చినాదిరా ఇది?”

“ఎనిమిది రోజులైనాది” అన్నాను.

చెంప పగిలింది. గంప అక్కడే వదిలేసి, ఉత్తరం గుప్పిట్లో పట్టుకుని ఒడ్డుకి పరుగెత్తింది.

పెళ్లయింది. ఆ పిల్లని తేవడానికి ఇంకా రెండేళ్లు పట్టింది. వచ్చాక నన్ను మావా మావా అని వదిలేది కాదు. దాని మొహం మీద మచ్చలు చూసినప్పుడల్లా నేను తల దించుకునేవాణ్ణి. ఆ ఎనిమిది రోజుల సంగతి బావ నన్నెప్పుడూ అడగలేదు. ఒక్కసారి అడిగి, నాలుగు తన్నినా బాగుండేది.