పసుపు అస్తరు

నా కోటుకు అస్తరు ఏ రంగుదో ఎంచుకున్నది నేను. ఈ మాట ముందే రాస్తున్నాను. మా బంధువుల్లో ఒక్కరూ దీన్ని ఒప్పుకోరు.

పంతొమ్మిదివందల ముప్ఫైల నాటి సంగతి. ఏలూరులో ఒక బీమా కంపెనీ వాళ్లు గుమాస్తా పనికి ఇంటర్వ్యూకు పిలిచారు. సూటు వేసుకు వస్తే మంచిదన్నారు. మా భీమడోలులో అప్పటికి కోటు తొడిగేది స్టేషన్ మాస్టరు గారు, తర్వాత పెళ్లి ఫొటోల్లో పెళ్లికొడుకులు. రైలెక్కి ఏలూరు వెళ్లి, ముదురు నీలం గుడ్డ కొని దర్జీకి ఇచ్చాను. కోటు లోపల వేసే అస్తరుకు ఆయన తెల్లది, నల్లది చూపించాడు. నాకు నచ్చలేదు. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊరికి పడవలో వెళ్తూ కొల్లేట్లో చూసిన నారాయణపక్షి రెక్కల రంగు నా మనసులో ఉంది. నీలం కలిసిన బూడిద రంగు. మూడు కొట్లు తిరిగి ఆ గుడ్డే తెచ్చి ఇచ్చాను.

"బయటికి కనపడదు గానీ, వేసుకున్నవారికి తెలుస్తుందండీ," అన్నాడు దర్జీ. ఆ ఒక్క మాటకు పొంగిపోయాను.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే వెళ్లి కోటు విప్పి చూద్దును కదా, లోపలంతా పసుపు. గడపకు రాసే పసుపు.

"ఇదేమిటండీ?"

"గూడెం నుంచి మీ బావగారు వచ్చారండీ, చొక్కాలు కొలతలిద్దామని. బల్ల మీద అస్తరు గుడ్డ చూసి ఎవరిదని అడిగితే, మీ పేరు చెప్పానండీ. కోప్పడ్డారండీ. శుభమా అని ఉద్యోగానికి వెళ్తూ గుండె మీద బూడిదేమిటన్నారండీ. కొత్తబట్టకు ఎలాగూ పసుపు పెడతాం, అస్తరే పసుపుదైతే పోలా అన్నారండీ."

"కోటు ఆయనదా, నాదా?"

"మీదేనండీ."

"మరి నన్నడగొద్దా?"

"పెద్దవారు చెప్పాక మళ్లీ మిమ్మల్ని అడిగితే ఏం బాగుంటుందండీ?"

మా అక్క మొగుడు తాడేపల్లిగూడెంలో ధాన్యం వ్యాపారి. ధాన్యం రంగు చూసి ధర చెప్పగలరు. అంతమాత్రాన లోకంలోని రంగులన్నీ ఆయన చేతిలో పెట్టారా? నారాయణుడి పేరున్న పక్షి రంగు అశుభం ఎలా అయింది?

మార్చే వ్యవధి లేదు. గుండీలన్నీ బిగించుకుని మేనేజరు గారి ముందు కూర్చున్నాను. ఎండాకాలం. చెమట చెవుల వెనక నుంచి కాలరులోకి కారుతోంది.

"ఆ కోటు తీసి తగిలించవయ్యా," అన్నారాయన.

"ఫర్వాలేదండీ."

"నిన్ను చూస్తే నాకు ఉక్కపోస్తోంది. తియ్యి."

తీశాను. కొక్కేనికి తగిలించగానే కోటు తెరుచుకుంది. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు.

"ముహూర్తం ఎన్నింటికి?"

పక్కగదిలో గుమాస్తాలు కూడా నవ్వారు. వారం రోజులు వల్లెవేసిన జవాబుల్లో సగం నోటికి రాలేదు.

ఉద్యోగం వచ్చింది. చేతిరాత బాగుందని ఇచ్చామని వాళ్లే చెప్పారు. బావగారు మాత్రం మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, "చూశారా అత్తయ్యగారూ, పసుపు మహిమ!" అన్నారు. నా చేతిరాత కోసం కిరసనాయిలు దీపం ముందు నాతోపాటు కూర్చున్న మా అమ్మ, "నిజమే నాయనా," అంది. నాకు ఆ మాట మేనేజరు వెటకారం కంటే ఎక్కువ తగిలింది.

మొదటి జీతం అందగానే పసుపు గుడ్డ ఊడదీయించి, నా రంగు వేయించాను. ఏడాది తిరిగాక మేనల్లుడి పుట్టువెంట్రుకలకు అందరం ద్వారకా తిరుమల వెళ్లాం. అక్కడ బావగారి ఎదుట నిలబడి కోటు తెరిచి చూపించాను.

"ఇది నేను ఎంచుకున్నది బావగారూ."

ఆయన అంచు పట్టుకుని వేళ్ల మధ్య నలిపి చూశారు. "గుడ్డ మంచిదేనోయ్. ఇది వేసుకున్నాకే కదూ నీ ప్రమోషన్ ఆగింది?"

అందరూ నవ్వారు. మా అమ్మ కూడా.

ప్రమోషన్ మరో మూడేళ్లు రాలేదు. ఈలోపు అస్తరు రెండుసార్లు చిరిగింది. రెండుసార్లూ దర్జీ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, ఆఖరి కుట్టు పడేదాకా కదలకుండా, నారాయణపక్షి రంగే వేయించాను.