తడిగుడ్డ కింద కంప్యూటరు

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అంతకుముందు ముప్పై ఏళ్ళు పలకలు చేశాను గానీ ఒక్క పలక మీదా రాసి ఎరగను. మా ఆయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర పని చేసేవాడు. కోసిన పలకలు ఇంటికి తెస్తే నేను పంచలో కూర్చుని అంచులు రుద్ది చట్రాలు బిగించేదాన్ని. మా కూతురు డిగ్రీ చదివేటప్పుడు అంచు విరిగి పక్కన పడేసిన పలకల మీద నాకు అ ఆలు దిద్దించింది. కొట్టేది కూడా. మంచిదే, కొట్టకపోతే నాకు వచ్చేవి కావు.

ఆ పిల్ల చదువుకని ఒక పాత కంప్యూటరు కొన్నాం. పంచలోంచి దుమ్ము వస్తుందని లోపలి గదిలో పెట్టాం. మూల ఏదైనా మా ఇంట్లో దుమ్ముకు ఒకటే. పలక పని చేసే ఇళ్ళలో ఒక అలవాటుంది. దేని మీదైనా తడిగుడ్డ కప్పుతాం. నీళ్ళ కుండ మీద, అన్నం తపేలా మీద, ఉయ్యాల కర్ర మీద కూడా. పొడిగుడ్డ అయితే దులిపినప్పుడు దుమ్ము మళ్ళీ లేస్తుంది, తడిగుడ్డ పట్టుకుంటుంది. కంప్యూటరు డబ్బా మీద కూడా పాత చీర ముక్క తడిపి, నీళ్ళు కారకుండా పిండి కప్పేదాన్ని. కూతురు రాగానే దాన్ని లాగి అవతల పడేసేది.

"అమ్మా, దానికి గాలి ఆడాల. ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

"గాలితోనే దుమ్ము వస్తుంది మే," అనేదాన్ని.

ఆమెకు పెళ్ళై గిద్దలూరు వెళ్ళిపోయింది. గుడ్డ లాగేవాళ్ళు లేకుండా పోయారు.

మా ఆయనకు అప్పటికే దమ్ము. పలక దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందన్నారు. ముక్కుకు గుడ్డ కట్టుకో అని నేను ఎన్నేళ్ళు చెప్పానో లెక్క లేదు. "గుడ్డ కడితే ఊపిరాడదు" అనేవాడు. కూతురి పెళ్ళినాటికే మనిషి సగమయ్యాడు. ఆల్బంలో చూస్తే పెళ్ళికూతురి తండ్రి ఎవరో, తాత ఎవరో తెలియదు. ఆ తర్వాత ఆ సగంలోనూ సగమయ్యాడు.

ఆయన నిండుగా ఉన్నప్పటి ఫోటోలు కంప్యూటరులోనే ఉన్నాయి. కూతురు కాలేజీలో పలకల పని మీద ఏదో రాయాలని, స్నేహితురాలి కెమెరా తెచ్చి ఫ్యాక్టరీలో తీసింది. మా ఆయన మిషను ముందు గొంతుక్కూర్చుని, తలగుడ్డ చుట్టుకుని, బుగ్గలు నిండుగా, పళ్ళన్నీ కనబడేటట్టు నవ్వుతూ ఉంటాడు. నేను వెనక పలకల దొంతర ఎత్తుకుని నిలబడి ఉంటాను. అచ్చు వేసినవి కాలేజీవాళ్ళు తీసుకున్నారు, తిరిగి ఇవ్వలేదు.

మంచాన పడ్డాక ఆయనకు ఆ ఫోటోలు చూడాలని ఒకటే ధ్యాస. "పెట్టవే" అనేవాడు. మంచం కంప్యూటరుకు ఎదురుగా జరిపాను. మీట నొక్కడం, ఫోటోలు తెరవడం నాకు వచ్చు. ఉదయం పెడితే సాయంత్రం దాకా ఆయన ముందు ఆ ఫోటోలే తిరుగుతుండేవి. రెండు వేసవులు అలా నడిచింది. పైన తడిగుడ్డ ఉండనే ఉంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మళ్ళీ తడిపేదాన్ని. తెర మీద కాదు కదా, డబ్బా మీదే కదా అనుకున్నాను.

ఆయన పోయాడు. ఐదో రోజున కూతురు అడిగింది, పదకొండో నాటి పెద్దదినానికి దండ వేసేందుకు ఏ ఫోటో పెట్టాలని. ఆమె ఫోనులో ఉన్నవన్నీ ఆస్పత్రివి. ముక్కులో గొట్టం, లోపలికి పోయిన కళ్ళు, చెంపల చోట రెండు గుంటలు. ఆధార్ కార్డులోదీ అంతే.

"అవి వద్దు," అన్నాను. "మిషను దగ్గర నవ్వేది పెట్టాల. వచ్చినోళ్ళు ఆ మొహం చూసి పోవాల."

ఆమె వెళ్ళి కంప్యూటరు మీట నొక్కింది. కంపెనీ గుర్తు వచ్చింది. దాని కింద తెల్లచుక్కలు గుండ్రంగా తిరిగాయి, తిరిగి తిరిగి ఆగిపోయాయి. అంతే. ఏ బటనూ పలకలేదు. ఆపి మళ్ళీ పెట్టింది, మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. తీగలన్నీ పీకి ఒక్కొక్కటే పెట్టి చూసింది. డబ్బా విప్పి లోపలి మెమరీ ముక్క తీసి, పిల్లలు వాడే రబ్బరుతో దాని అంచు రుద్ది మళ్ళీ గుచ్చింది. చుక్కలు రెండు చుట్లు ఎక్కువ తిరిగాయి, ఆగాయి.

మా పెద్దాడబిడ్డ వాకిట్లోంచి తొంగి చూసింది.

"ఏందే, తల్లీబిడ్డలు పోయినోని కోసం ఏడుస్తా ఉండారా, డబ్బా కోసం ఏడుస్తా ఉండారా?"

"రెండిట్లోనూ ఆయనే ఉండె వదినా," అన్నాను.

రిపేరు కొట్టు టౌనులో ఉంది. కూతురు ఒక్కతే తీసుకుపోతానంది. నేను ఒప్పుకోలేదు. మైలలో ఉన్నదాన్ని, పదకొండో రోజు దాటేదాకా పరాయి గడప తొక్కకూడదు. ఆడబిడ్డ ఆ మాటే ఎత్తింది.

"గడప తొక్కను, మెట్టు మీద కూర్చుంటా."

"ఆటో ఎక్కుతావే, దానికి లేదా మైల?"

"ఆటోకు గడప యాడుండాది వదినా?"

అంత దుఃఖంలోనూ ఆమెకు నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని పోయాను.

కొట్టాయన నలభై దాటినవాడు, కళ్ళద్దాలు. లోపలికి రమ్మన్నాడు. కూతురు సంగతి చెప్పింది. ఆయన నన్ను చూసి, డబ్బాకని ఒక స్టూలు, స్క్రూడ్రైవరు తెచ్చుకుని నా పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. డబ్బా పక్క రేకు విప్పాడు. అడుగున దుమ్ము కాదు, బురద. తడిసి ఎండి, తడిసి ఎండి గట్టిపడిన పలక మట్టి. ఫ్యాను రెక్కలు కదలడం లేదు. స్క్రూలు తుప్పు పట్టాయి.

"ఏంది పెద్దమ్మా ఇది? యాడ పెట్టినారు దీన్ని, బావిలోనా?"

కూతురు నా వైపు చూసింది గానీ చెప్పలేదు. నేనే చెప్పాను.

"తడిగుడ్డ కప్పినా. దుమ్ము పడకుండా."

"నడిచేటప్పుడు గూడానా?"

"నడిచేటప్పుడే ఎక్కువ."

ఆయన తల ఊపి, "కుండ అయితే చల్లగుండును పెద్దమ్మా. దీనికి గాలి ఆడకపోతే లోపల ఉడికిపోతాది," అన్నాడు. "అన్నీ దాచుకునే డిస్కు దెబ్బతినింది. మొదలయ్యేటప్పుడు దాన్ని చదవబోయి, చదవలేక ఆడే నిలబడిపోతా ఉంది."

డిస్కు విప్పి లోపల తన కంప్యూటరుకు తగిలించాడు. తెర నాకు కనబడేటట్టు గుమ్మం వైపు తిప్పాడు. డిస్కు టిక్కు టిక్కుమంటూ ఉంది. చాలాసేపటికి పేర్లు వచ్చాయి. మొదటిది తెరిచాడు.

పైనుంచి మెల్లగా దిగింది బొమ్మ. రేకుల కప్పు, గోడ, గోడకు ఆనించిన పలకలు. తర్వాత నేను, యాభై ఏళ్ళ నేను, తలమీద దొంతరతో. నా నడుం దాకా వచ్చి ఆగింది. కింద సగమంతా బూడిదరంగు. ఆయన కూర్చున్న చోటు.

"ఇంకోటి తియ్యి," అన్నాను.

ఇంకోటి తీశాడు, మరోటి తీశాడు. అన్నిట్లో నేనే ఉన్నాను. నిలబడినదాన్ని కాబట్టి పైసగంలో వచ్చేశాను. కూర్చున్న మనిషి రాలేదు. ఒకదాంట్లో మాత్రం కూతురు వంగి తీసినట్టుంది, తలగుడ్డ వచ్చింది, నుదురు వచ్చింది, కనుబొమ్మలు వచ్చాయి. అక్కడ ఆగిపోయింది. కూతురు వెనక్కి తిరిగి గోడకు నుదురు ఆనించుకుంది.

కొట్టాయన పని మానుకుని రెండు గంటలు చూశాడు. చివరికి ఆయనే అన్నాడు, "ఆస్పత్రి ఫోటో ఇవ్వండి పెద్దమ్మా. గొట్టం తీసేసి, బుగ్గలు పూరించి పెద్దది చేసిచ్చే వాళ్ళు ఉండారు. తెలిసిపోదు."

తెలిసిపోదట. ముప్పై ఐదేళ్ళు కాపురం చేసిన నాకు వేరేవాళ్ళు గీసిన బుగ్గలు ఎందుకు? "వద్దు నాయనా. ఎవరి బుగ్గలో తెచ్చి ఆయనకు పెడతారు," అన్నాను. ఇంటికి వచ్చేదాకా కూతురు నా చెయ్యి వదల్లేదు. ఒక్క మాట కూడా నిందించలేదు. నిందించి ఉంటే కొంచెం తేలికయ్యేది.

పెద్దదినం నాడు గొట్టంతో ఉన్న ఫోటోనే పెట్టాం. దండ వేస్తే గొట్టం కొంత మరుగుపడింది, గుంటలు మరుగుపడలేదు. ఫ్యాక్టరీవాళ్ళు పదిమంది దాకా వచ్చారు. అందరూ ఆయనతో కోత మిషన్ల ముందు కూర్చున్నవాళ్ళే. ఒక్కొక్కరు వచ్చి దండం పెట్టుకుని, ఆ మొహాన్ని ఎక్కువసేపు చూడలేక పక్కకు తప్పుకున్నారు. ఇది వాళ్ళకు కనబడకూడదనే కదా నేను అంత అల్లాడింది.

అందరికన్నా చిన్నవాడు ఒకడున్నాడు, ముగ్గురు పిల్లల తండ్రి, మా ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఫోటో ముందు నిలబడి కదల్లేదు. దగ్గు వస్తే తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా అడిగాడు.

"వదినా, నేను గూడ ఇట్లనే అవుతానా?"

కాదంటే అబద్ధం. అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు, ఆ రోజైనా ఉండి ఉంటే బాగుండేది.

"అన్నం తినిపో," అన్నాను. వాడు వెళ్ళి పంక్తిలో కూర్చున్నాడు. నేనే వడ్డించాను.