అవ్వ ఏరిన రాళ్లు

హైదరాబాదులో మా వీధి మలుపున దసరా ముందు సీతాఫలాల గంపలు దిగుతాయి. మాగిన పండు వాసన తగలగానే నల్లగొండ జిల్లా దక్షిణపు కొసన, కృష్ణకు దగ్గరగా ఉన్న మా ఊరు గుర్తొస్తుంది. వానలు వెనుకపట్టి, గుట్టలింకా పచ్చగా ఉండి, గొర్రెల ఒంటిమీద తడి ఉన్ని వాసన ఆరీ ఆరని ఆ రోజుల్లో, మా అవ్వ కళ్లు విచ్చిన కాయలు కోసుకొచ్చి వరిగడ్డిలో మాగబెట్టేది. అందులో పెద్దవి మాకు కాదు, ఊరు చూడవచ్చేవాళ్లకు.

ఎప్పుడో నవాబుల కాలంలో వజ్రాల కోసం తవ్విన గుంతలు మా ఊరి బయట ఉండేవి. చాలావరకు పూడిపోయి మేకలు మేసే పల్లాలయ్యాయి. ఒక్కటి మాత్రం బావిలా ఇరుకుగా, అడుగు కనిపించనంత లోతుగా మిగిలింది. కృష్ణ మీద ఆనకట్ట పని మొదలయ్యాక అక్కడి ఉద్యోగుల కుటుంబాలు ఆదివారాలు జీపుల్లో వచ్చేవి. వచ్చినవాళ్లంతా చేసే పని ఒకటే, ఆ గుంతలోకి రాయి విడిచి, చప్పుడు ఎప్పుడొస్తుందా అని చెవి ఒగ్గడం.

ఆ గుంతలో మా చిన్నాయిన, అవ్వ చిన్నకొడుకు, ఉన్నాడు. నేను పుట్టకముందు, జారిపడిన గొర్రెపిల్ల కోసం మోకు కట్టుకుని దిగాడట. పిల్లను అందుకోవడానికి మోకు విప్పుకున్నాడో ఏమో, లాగితే ఖాళీగా వచ్చింది. లోపల గాలి చెడ్డది. ఆయన కోసం దిగిన మనిషిని స్పృహ లేకుండా పైకి లాగాక, పెద్దలు మరెవరినీ దిగనివ్వలేదు. నాయిన ఎన్నిసార్లు ముళ్లకంప కప్పినా వచ్చినవాళ్లు కర్రతో నెట్టేసేవారు. మొదట్లో అవ్వ జరిగిన సంగతి చెప్పి, రాళ్లు వెయ్యొద్దని బతిమాలేదట. విన్నవాళ్లు అయ్యో అంటూనే మరికాస్త ముందుకు వంగి చూసేవారట. తర్వాత చెప్పడం మానేసింది.

రోజూ పొద్దున్నే గంప పట్టుకుని గుంత చుట్టూ రాళ్లు ఏరి, దూరంగా పోసి వచ్చేది. అచ్చనగిల్లలకు పనికొచ్చే నున్నటివి నేను లంగాలో పోసుకునేదాన్ని. చూసినవాళ్లు ఆమె వజ్రాలు వెతుకుతోందనుకునేవారు.

"ఏం మామ్మగారూ, దొరికిందా? మాక్కూడా ఒకటి ఇవ్వండి!"

"దొరికితే గిట్ల గంప మోస్తనా బిడ్డా? జర చల్ల తాగుండ్రి, ఎండల పడి వచ్చిండ్రు."

అలా వాళ్లను మా ఇంటికి మళ్లించేది. చల్ల, సీతాఫలాలు, జొన్నరొట్టెలో పల్లికారం, బతుకమ్మ రోజులైతే నువ్వుల సద్ది పెట్టి, వెనకటివాళ్లు వజ్రాల కోసం కంకర కడిగిన రాతితొట్టి, గుట్టమీది కూలిన బురుజు చూపించి, చివరికి ఏటిదాకా నడిపించేది. పొద్దుగూకేదాకా తిప్పితే గుంత మాట మరిచి జీపెక్కుతారని ఆమె ఆశ.

"ముసల్ది ఆదివారానికో సుట్టాన్ని సంపాయిస్తాంది" అని ఊళ్లో నవ్వేవారు.

ఒక ఆదివారం భార్యాభర్తలు, నా ఈడు పాప వచ్చారు. అవ్వ ఏటి ఒడ్డున ఆ పిల్ల చెయ్యి పట్టుకుని రంగురంగుల గులకరాళ్లు చూపించింది. తిరిగొచ్చేటప్పుడు, జీపు గుంత పక్కనే ఆపి ఉండటంతో, పాప ముందు పరుగెత్తింది. మేం చేరేసరికి అంచున గొంతుక్కూర్చుని, గౌనులో తెచ్చుకున్న గులకరాళ్లు ఒక్కొక్కటే విడుస్తోంది.

"అమ్మా, విను, విను! ఆ, ఇప్పుడు!"

తల్లి నవ్వింది. అవ్వ నేలమీద కూర్చుండిపోయింది. చప్పుడు వచ్చినప్పుడల్లా ఆమె భుజం కదిలేది. నేను ఆమెనే చూస్తూ నిలబడ్డాను. పాప ఖాళీ గౌను దులిపింది.

"అయిపోయినయా బిడ్డా?" అంది అవ్వ.

"అయిపోయాయి."

"అయితే జర ఇవుతలికి రా తల్లీ. పడ్తవు."

మర్నాడు మళ్లీ గంప తీసుకుంది. కాళ్లు ఆడినన్నాళ్లూ ఏరింది.

నిరుడు అటు వెళ్లాను. రాతితొట్టి లేదు. బురుజు రాళ్లు ఎవరి పునాదుల్లోకో పోయాయి. గుంతలున్న నేలంతా మట్టి పోసి చదును చేశారు. ఆ లోతు గుంత ఎక్కడుండేదని నలుగురిని అడిగాను.

"ఏం గుంతమ్మా? ఈడ ఏం లేదు" అన్నారు.

ఎక్కడ కాలు పెట్టకూడదో తెలియక, రోడ్డు మీదే కాసేపు నిలబడి వచ్చేశాను.