పౌండు పెరిగిన నెల

మా అయ్య పరాయి దేశపు ఓడలో కళాసీ. జీతం పౌండ్లలో ఇచ్చేవారు. అందులో ఓ భాగం నెలనెలా మాకు వచ్చేది. అక్కడ బయల్దేరేటప్పుడు ఎప్పుడూ అన్నే పౌండ్లు. విశాఖపట్నం బ్యాంకులో అమ్మ చేతికి రూపాయలై వచ్చేసరికి మాత్రం ఒక నెల లెక్క ఇంకో నెల ఉండేది కాదు.

ఆ తేడాలోనే అయ్య ఒంటి సంగతి అమ్మ చూసుకునేది. ఎక్కువొస్తే అయ్య కడుపునిండా తింటున్నట్టు, తగ్గితే మంచం పట్టినట్టు. సముద్రం మీదున్న మనిషి కబురు తెలుసుకోవడానికి ఆవిడకు అంతకంటే వేరే దారి లేదు. అయ్యకు రాయడం రాదు. తగ్గిన నెల గంగమ్మ తల్లికి పసుపు గుడ్డలో ముడుపు కట్టి వంటింటి దూలానికి వేలాడదీసేది. పెరిగిన నెల వంజరం చేప పులుసు వండి పేటంతా పంచేది.

నాకు ఒళ్లు మండేది. ఎనభైల నడుమ ఇంటర్‌లో కామర్సు చదువుతున్నాను. యారాడ నుంచి వచ్చి ఫిషింగ్ హార్బర్ పక్కన కాపురం పెట్టిన మా వాళ్లలో అంత చదివిన ఆడపిల్లను నేనే. కొమ్ములు రాకుండా ఎలా ఉంటాయి? పైదేశం డబ్బు కూడా సరుకేనని, కొనేవాళ్లు ఎగబడితే రేటు పెరుగుతుందని, వద్దనుకుంటే పడుతుందని పాఠం అప్పజెప్పేదాన్ని. మనం పెట్రోలు కొనాలన్నా పైదేశం డబ్బే పెట్టాలి, అందుకోసం ఎగబడిన కొద్దీ రూపాయి చిక్కిపోతుంది. ఇంగ్లండు సరుకుకు గిరాకీ పోయినా, డబ్బున్నవాళ్లు ఎక్కువ వడ్డీ ఇచ్చే దేశానికి డబ్బు మళ్లించినా పౌండు దిగుతుంది. అమ్మ ఆవులించేది.

అమ్మ హార్బర్‌లో వేలం పాట పాడి చేపలూ రొయ్యలూ కొని, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లో అమ్మేది. ఒక తెల్లవారుజామున నేనూ వెళ్లాను. ముందురోజు గాలివాన. బోట్లు సరిగా రాలేదు. రొయ్యల తట్ట కోసం అమ్మ గొంతు చించుకుని పాడాల్సి వచ్చింది. సందు దొరికింది కదా అని అందుకున్నాను.

"మొన్న బోట్లన్నీ వచ్చాయి, రేటు పడిపోయింది. ఇవాళ రాలేదు, పెరిగింది. మొన్నటి రొయ్యకేటైనా జొరం వొచ్చిందేటి? పౌండూ అంతేనమ్మా."

అమ్మ తట్ట దించి నన్ను ఎగాదిగా చూసింది.

"పాట సంగతి నాకు సెప్తన్నావేటే? మీ అయ్య రొయ్యేటి, పాటలో ఎట్టడానికి?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు విరగబడి నవ్వారు. చేసేది లేక నేనూ నవ్వాను.

ఆ తర్వాత పౌండు నెలనెలా దిగుతూనే పోయింది. దూలం నిండా ముడుపులే. అమ్మ మధ్యాహ్నం అన్నం మానేసింది. చివరికి అయ్య సెలవుకు వచ్చాడు, గుండ్రాయిలా ఉన్నాడు. ఇక అమ్మ నోరు మూతపడుతుందనుకున్నాను. "సూసావా, గంగమ్మ తల్లి ఎలగ కాసిందో!" అంది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అయ్య ముడుపులకేసి చూసి నాతో మెల్లగా అన్నాడు, "ఊరుకోయే. నా గురించి బెంగెట్టుకోడానికి ఒక మనిషుంది గదా."

అయ్య మళ్లీ ఓడెక్కాడు. కొన్నాళ్లకు పౌండు లేచింది. ఒక నెల, అంతకుముందెన్నడూ రానంత డబ్బు వచ్చింది. అమ్మ బ్యాంకు నుంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. ముడుపులన్నీ దించి గుడికి తీసుకెళ్లి చెల్లించింది. పెద్ద వంజరం తెచ్చి వండింది. ఆ రోజు నేను పాఠం ఎత్తలేదు. అమ్మ సంబరం ఎందుకు చెడగొట్టాలి? నిజం చెప్పాలంటే నాకూ అయ్య బాగున్నట్టే అనిపించింది. పులుసు రెండోసారి అడిగి పోయించుకున్నాను.

పులుసు తిన్న వారానికి ఓడ ఏజెంటు ఆఫీసు మనిషి వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు. అయ్యకు ఏదో దూరపు రేవులో జ్వరం తగిలిందట, ఆసుపత్రిలో పోయాడట, అక్కడే మట్టి చేశారట. ఎప్పుడని అడిగాను. చెప్పాడు. మేం పులుసు తిన్ననాటికి అయ్య లేడు. ఆ డబ్బు బయల్దేరిననాటికీ లేడు. అప్పటి నుంచి వంజరం వాసన వస్తే నాకు ఏడుపొస్తుంది, ఇప్పటికీ.

అయ్యకు రావాల్సిన మిగతా డబ్బు కొన్నాళ్లకు వచ్చింది. అమ్మతో నేనూ బ్యాంకుకు వెళ్లాను. సంగతి తెలియని గుమాస్తా హుషారుగా ఉన్నాడు. "మంచి టైములో వచ్చిందమ్మా. పౌండు ఇంకా పెరిగింది" అన్నాడు.

అమ్మ నోట్లు ముట్టుకోలేదు. కౌంటరు కమ్మీ పట్టుకుని అతని మొహంలోకి చూసింది.

"మనిషే లేడు గదా బాబూ. మరింక ఎవులు బాగున్నారని పెరిగింది?"

గుమాస్తా తెల్లబోయి నా వైపు తిరిగాడు. జవాబు నాకు కంఠతా వచ్చు. కౌంటరు మీది కాగితం అమ్మ వైపు తిప్పాను. అమ్మ నా భుజం పట్టుకుని, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించమంది.