రెండు శాఖల మధ్య పుండు

నేను రీసెర్చిలో చేరిన ఏడాది మా విశ్వవిద్యాలయంలో కొత్త పద్ధతి ఒకటి మొదలుపెట్టారు. ఒకే పరిశోధనకు ఇద్దరు గైడ్లు: ఒకరు సమాజశాస్త్రం నుంచి, ఇంకొకరు వైద్యం నుంచి. మంచానపడ్డ మనిషిని ఇంట్లోవాళ్లు ఎలా చూసుకుంటారన్నది నా అంశం. కర్నూలు నుంచి వచ్చి అడిక్‌మెట్‌లో గది తీసుకుని ఉండేదాన్ని. పక్షవాతంతో పడ్డ మా నాన్నకు అమ్మ చేసిన చాకిరీ కళ్లారా చూసినదాన్ని గనక, ఈ చదువు అలాంటివాళ్లకు పనికొస్తుందని నిజంగానే నమ్మాను.

తార్నాకలో నేను తరచూ వెళ్లే ఇల్లు ఒకటుండేది. ఆ ఇంటాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. చెవులు మాత్రం బాగానే వినిపిస్తాయి. వాళ్లావిడను నేను అక్కా అనేదాన్ని. ఒళ్లు తుడవడం, బట్ట మార్చడం, జావ తాగించడం అన్నీ ఆమే. నడుము కింద పుండు పడి రోజురోజుకూ పెద్దదవుతోంది.

"మీ సార్లను ఒక్కపారి తీస్కరా చెల్లె, గా పుండు చూపిస్త," అంది. సంతోషంగా ఒప్పుకున్నాను.

ఇద్దరూ ఒకే కారులో వచ్చారు. డాక్టరు గైడు బూట్లతోనే లోపలికొచ్చి, ఆయన్ని ఒక్క మాట అడక్కుండా దుప్పటి లాగేశాడు. పంచె కూడా తీయించి ఫోటోలు తీసుకున్నాడు. రెండో గైడు గడప దాటలేదు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్కడి నుంచే అక్కను అడిగాడు:

"ఈయన ఇలా అయ్యాక మీ ఇద్దరికీ భార్యాభర్తల రిలేషన్ ఏమైనా ఉందామ్మా?"

మంచం మీద ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ఆయనకు అన్ని ఇనవడ్తయి సార్," అంది అక్క. గబగబా దుప్పటి కప్పి, "గీ పుండుకు ఏం పెట్టాలె? గది చెప్పుండ్రి," అంది.

"నేను రీసెర్చి పని మీద వచ్చానమ్మా. ట్రీట్‌మెంటు కావాలంటే దవాఖానకు తీసుకురండి," అన్నాడు డాక్టరు, కెమెరా సర్దుకుంటూ.

"లేపనీకే ఇద్దరు గావాలె. గాడికి ఎట్ల తీస్కస్త సార్?"

డాక్టరు కెమెరా సంచి భుజాన వేసుకున్నాడు. ఆమె గడప వైపు చూసింది.

"అది మెడికల్ విషయం. నా సబ్జెక్టు కాదు," అన్నాడు రెండో ఆయన.

ఆమె పెట్టిన చాయ్ ఎవరూ ముట్టుకోలేదు. కారు దగ్గర నిలబడి, రాయబోయే వ్యాసం మీద ఎవరి పేరు ముందుండాలని ఇద్దరూ వాదించుకున్నారు. నేను లోపలికి వెళ్లి చల్లారిన చాయ్ గ్లాసులు తీసి కడిగాను.

కాచిగూడలో ప్రాక్టీసు పెట్టుకున్న ఒక డాక్టరును బతిమాలి మర్నాడే తీసుకెళ్లాను. ఆయన పుండు కడిగి, మందు రాసిచ్చి, ఎటు తిప్పి పడుకోబెట్టాలో మాకు చూపించాడు.

కొన్నాళ్లకు క్యాంపస్‌లో సెమినారు పెట్టారు. మానవ సంక్షేమం మీద. ప్రొజెక్టరు దగ్గర నన్ను నిలబెట్టారు. స్లయిడ్లు మారుస్తుంటే ఉన్నట్టుండి తెర మీద అక్క భర్త బొమ్మ పడింది. నడుము కింద నూలుపోగు లేదు. ముఖం కూడా దాచలేదు. ముందు వరసలో ఒకాయన బిస్కెట్టు నములుతూ, "క్లాసిక్ కేసు," అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"సార్, ఈ ఫోటో తీసేద్దాం. ఆయన్ని మనం అడగలేదు," అన్నాను.

"ఎమోషనల్ కావద్దు. నెక్స్ట్ పాయింటు వరకూ అదే ఉంచు," అన్నాడు సమాజశాస్త్రం గైడు.

ప్రొజెక్టరులోంచి ఆ ఫిల్ము స్లయిడు లాగేశాను. బల్బు వేడికి వేలు చురుక్కుమంది. దాన్ని సంచిలో వేసుకుని అందరి ముందు నుంచే బయటికి నడిచాను.

అంతదాకా ఏ ఒక్క విషయంలోనూ కుదరని గైడ్లిద్దరికీ నా మీద ఫిర్యాదు దగ్గర చక్కగా కుదిరింది. కలిసి సంతకం పెట్టారు. క్షమాపణ చెబితే సర్దేస్తానని శాఖాధిపతి కబురంపాడు. ఎవరికి చెప్పాలి? ఏమని? నేను వెళ్లలేదు. రిజిస్ట్రేషను పోయింది.

స్లయిడు అక్కకిచ్చాను. వెలుతురుకు ఎత్తి చూసి, పళ్లు కొరుక్కుంటూ పొయ్యిలో పడేసింది. మంచం దగ్గరికి వెళ్లి, "కాలవెట్టిన. ఇగ ఎవ్వలు చూడరు," అని ఆయనకు చెప్పింది. ఆయన ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పుండు కొంత మానింది. ఆ ఎండాకాలం ఆయన పోయాడు. నేను కర్నూలు వెళ్లి కాలేజీలో పాఠాలు చెప్పుకున్నాను. గైడ్లు నా అంశాన్నే ఇంకో విద్యార్థికి ఇచ్చారని, వాళ్లు ముషీరాబాద్‌లో మంచానపడ్డ ఒక ముసలామెను వెతికి పట్టుకున్నారని, కెమెరా కూడా కొత్తది కొన్నారని తర్వాత తెలిసింది.